తోటమాలి చూపు

దీవికి వచ్చేవాళ్ళంతా ఒక్కలాగే వస్తారు. వెళ్ళేటప్పుడే ఎవరి మొహం వాళ్ళదవుతుంది. రేవు చివర రేకుల షెడ్డులో కూర్చుని మాస్కులు కడిగే ఆవిడకి ఇది రోజూ ఉండే భాగోతమే. బనానా బోటు ఎక్కినవాళ్ళు గొంతులు పోయేలా అరిచి వస్తారు. పారాచూట్ కట్టుకుని గాల్లోకి లేచినవాళ్ళు దిగాక కాసేపు నేలని నమ్మనట్టు నడుస్తారు. అద్దం అడుగు పడవలో వంగి చూసినవాళ్ళకి మెడలు పట్టేస్తాయి. సాయంత్రం పడవలో సూర్యాస్తమయానికి వెళ్ళిన కొత్త జంటలు సూర్యుణ్ణి తప్ప అన్నీ చూసి వస్తారు. వీళ్ళెవరితోనూ ఆమెకి పనిలేదు. ఆమెకి కావలసినవాళ్ళు ట్యూబు ట్రిప్పు వాళ్ళు.

ట్యూబు ట్రిప్పంటే ఈత రానివాళ్ళ కోసం పెట్టింది. లైఫ్‌జాకెట్టు తొడిగి, మొహానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టి, నారింజరంగు ట్యూబు పట్టుకుని నీళ్ళమీద బోర్లా పడుకోమంటారు. గైడు ఆ ట్యూబుకి కట్టిన తాడు పట్టుకుని ఈదుతూ లాక్కెళతాడు. కింద ఏముందో వేలితో చూపిస్తాడు, తలలు పైకెత్తించి అదేమిటో చెబుతాడు. రేవులో బోర్డు మీద ఎర్రక్షరాలతో 'రంగుల తోట' అని రాసి ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఆమె భర్త. ఆ తోట చూపించేదీ ఆయనే. అందుకని దీవిలో అందరూ ఆయన్ని తోటమాలి అంటారు. ఆమెని మాస్కులక్క అంటారు.

తిరిగొచ్చిన మాస్కులన్నీ ఆమె ముందున్న నీలం తొట్టిలో పడతాయి. వాటి పట్టీలకి పొడుగు వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి, గొట్టాల నోళ్ళకి లిప్‌స్టిక్ అంటుకుని ఉంటుంది, అన్నిటికీ ఎండ తగలకుండా పూసుకున్న క్రీము జిడ్డు ఉంటుంది. ముందు సబ్బునీళ్ళు, తరవాత మందు నీళ్ళు, తరవాత మంచినీళ్ళు. ఆరాక అద్దం లోపల ఒక చుక్క షాంపూ వేసి బొటనవేలితో గుండ్రంగా రుద్దుతుంది, ఊపిరికి మసకలు పట్టకుండా. మీసాలున్న మగవాళ్ళకి మూతి మీద వాజలీను రాసుకోమని తనే డబ్బా అందిస్తుంది. లేకపోతే మాస్కులోకి నీళ్ళొచ్చి, సముద్రమంతా తమ ముక్కులోకే వచ్చిందని గోల పెడతారు.

చేతులు నీళ్ళలో ఉంటే చెవులు గెస్టుల మాటల్లో ఉండేవి. ఆమె ఇంతవరకూ ఒక్కసారి కూడా నీళ్ళలో తల పెట్టి చూడలేదు. భయం కొంత, తీరికలేమి కొంత. ఈ పక్క రేవు, ఆ పక్క ఇల్లు, మధ్యలో సముద్రం చూసే పని ఆమెకి ఎవరు పెట్టారు గనక? అయినా తోట మొత్తం ఆమెకి తెలుసు. అన్నం తింటూ ఆయన చెప్పేవాడు. ఊదారంగు క్యాబేజీల్లాంటి పగడాలు ఎక్కడ మొదలవుతాయో, దుప్పి కొమ్ముల్లాంటివి ఎటు వంగి ఉంటాయో, పసుపు చారల చేపలు గుంపుగా తిరిగేటప్పుడు ఒక్కసారిగా ఎలా వెలుగుతాయో. మాస్కుల మీద బొటనవేలు గుండ్రంగా తిరుగుతుంటే ఆమె ఆ తోటలో నడుస్తూ ఉండేది. ఊదారంగు క్యాబేజీల పక్కన ఒక బల్లపరుపు రాయి ఉందని ఆయనెప్పుడో అన్నాడు. ఆమె వెళ్ళి దానిమీద కూర్చునేది. తలమీదుగా చేపలు పోతుండేవి, చీర కొంగు నీళ్ళలో తేలుతూ ఉండేది, ఎవరూ పిలిచేవారు కారు. ఎదురుగా ఉన్న గెస్టు "అక్కా, తువ్వాలు" అంటే గాని షెడ్డులోకి వచ్చి పడేది కాదు.

ఒక మధ్యాహ్నం అలా పిలిచింది గెస్టు కాదు, ఆయనే. గిన్నె మూత తీసి అన్నం కలుపుకుంటూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు.

"సోమవారం నుంచి ఒడ్డున గొడుగులు పాతమన్నాడు కౌంటర్ సారు."

"ఎవర్ని?"

"నన్నే."

"ఎందుకూ?"

"గెస్టులకి తోట కనపడట్లేదట." ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. "ఈ రోజుల్లో వచ్చేవాళ్ళకి ఫోన్లు చూసీ చూసీ కళ్ళు పోయాయే. ఎదురుగా పెట్టి చూపించినా 'ఎక్కడ, ఎక్కడ' అంటారు."

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పొమ్మంటే పోతాడు, రమ్మంటే వస్తాడు. ఆమె అలా కాదు. తడిచేతులు చీరకి తుడుచుకుంటూనే రేవు చెక్కల మీద చప్పుడు చేసుకుంటూ టిక్కెట్ల కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

కౌంటర్ సారు చెడ్డవాడేమీ కాదు. టోపీ కింద చెమట కారిపోతుండే లావుపాటి మనిషి. దీవిలో అందరినీ అక్కా, బాబాయ్ అనే పిలుస్తాడు. కాని ఆ పిలుపు పిలిచాక చెప్పేది మాత్రం కంపెనీ మాటే.

"నేనేం కావాలని చేశానా అక్కా? తోట తోట అని బోర్డు పెట్టారు, తీరా వెళ్తే ఏమీ లేదని గెస్టులొచ్చి నామీద పడుతున్నారు."

"ఏమీ లేకపోవడమేంటి? కళ్ళు నెత్తికెక్కినవాళ్ళకి ఏం కనపడుతుంది?"

"గెస్టుల కళ్ళ సంగతి వదిలెయ్." గొంతు తగ్గించాడు. "బాబాయ్ చూపు తగ్గిందంటున్నారు మన గైడులే. చేప అని రాయిని చూపిస్తున్నాడట."

"ఎవడన్నాడా మాట? రమ్మనండి నా ముందుకి! సూదిలో దారం ఒక్కసారికి ఎక్కిస్తాడాయన. ఈ రేవుకి తోట అని ఒకటుందని చెప్పిందే ఆయన. ఇవాళ ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?"

టిక్కెట్ల కోసం నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కౌంటర్ సారు రెండు చేతులూ ఎత్తాడు. "సరే, ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇదే మాట వస్తే మాత్రం నా చేతుల్లో లేదు."

గెలిచినట్టే నడుచుకుంటూ వచ్చింది గాని, షెడ్డు చేరేసరికి ఆ గెలుపు మిగల్లేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సూదిలో దారం ఎక్కిస్తాడు, నిజమే. గుండీ కుడుతూ "నా కళ్ళకేమైందే, నీ కళ్ళే ముసలివయ్యాయి" అని ఎగతాళి కూడా చేస్తాడు. కాని పడవ వంద గజాల దూరంలో ఉంటే అది ఎవరిదో ఆయనకి తెలియదు. ఒకసారి చెత్త పట్టుకుపోయే పడవని చూసి, బావమరిది వస్తున్నాడనుకుని అది కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాడు. అప్పటినుంచి ఏదైనా పడవ వస్తుంటే ఆమె ముందే, తనలో తాను అనుకుంటున్నట్టు, "మా తమ్ముడు ఇవాళ తొందరగా వచ్చేస్తున్నాడే" అనేది. ఆయన అప్పుడు తనే చూసినట్టు చెయ్యెత్తేవాడు. ఇద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సాయంత్రం తొట్టిలో చెయ్యి పెడితే ఒక నల్ల మాస్కు తగిలింది. అది కంపెనీది కాదు. అద్దం శుభ్రంగా ఉందో లేదో చూద్దామని కళ్ళకి అడ్డం పెట్టుకుంది. రేవంతా చిన్నదైపోయి వెనక్కి పరుగెత్తింది. చప్పున తీసేసింది. పొద్దున వచ్చిన ఒక పొడుగాటి గెస్టావిడ, సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి, ఈ పవరద్దాల మాస్కు పెట్టుకుని "హమ్మయ్య, ఇప్పుడు కనపడుతోంది" అనడం గుర్తొచ్చింది. ఆవిడ వెళ్ళిపోయింది. కౌంటర్‌కి ఫోన్ చేసి, పంపనక్కర్లేదు, ఎవరికైనా ఇచ్చెయ్యమందిట.

ఆయనతో చెప్తే చచ్చినా పెట్టుకోడు. ఆయన మాస్కూ నల్లదే, దాని పట్టీకి గుర్తుగా నీలం దారం చుట్టి ఉంటుంది. ఆమె ఆ పట్టీ ఊడదీసి నల్ల మాస్కుకి ఎక్కించింది, బకిల్స్ బిగించింది, అద్దానికి షాంపూ రాసింది. చేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చూపుంటే చాలు, ఆయన్ని మించిన గైడు ఈ దీవిలో లేడు. ఆ నమ్మకంతోనే దాన్ని ఆయన సంచిలో పెట్టింది.

మర్నాడు ఆయన ట్రిప్పు వెళ్ళి వచ్చేదాకా ఆమె ఒకే మాస్కుని మళ్ళీ మళ్ళీ కడిగింది. పడవ వచ్చింది. గెస్టులు దిగారు, తువ్వాళ్ళు తీసుకున్నారు. ఒకామె మాస్కు అందిస్తూ అడిగింది.

"గైడుగారికి ఒంట్లో బాగాలేదా అండీ? మాటే లేదు. ఎటు చూపించాలో తెలియనట్టు తిరిగారు."

ఆయన అందరికన్నా చివర దిగాడు. తన మాస్కు తనే మంచినీళ్ళలో ముంచి కడగడం మొదలుపెట్టాడు. ఎన్నడూ లేనిది. అద్దం వేలితో రుద్దాడు, ఎండకి ఎత్తి చూశాడు, మళ్ళీ ముంచాడు.

"దీనిలో ఏదో లోపముందే," అన్నాడు. "రంగులు రావట్లేదు."

"రంగులు రాకపోవడమేంటి?"

"అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. ఇసక రేణువు కూడా. కాని రంగులు రావట్లేదు. ఏం సబ్బు పెట్టి కడిగావు?"

అప్పుడు చెప్పక తప్పలేదు. పొడుగాటి గెస్టావిడ సంగతి, పట్టీ మార్చిన సంగతి చెప్పింది. ఆయన మొహం కాసేపు చిన్నబోయింది. తరవాత, నీళ్ళు కారుతున్న ఆ మాస్కుని రేవు మీదే, పొడి నేల మీదే, మొహానికి తగిలించుకుని నిలబడ్డాడు. అటుగా పోతున్న గొడుగులవాడు చూసి "ఏం తోటమాలీ, గాల్లో ఈదుతావా?" అన్నాడు. ఆయన బోర్డు మీది ఎర్రక్షరాలు చూశాడు. పూలకుండీల్లో ఎర్రటి ఆకులు చూశాడు. దూరంగా కట్టేసిన పడవల పసుపు, ఆకుపచ్చ చూశాడు. మెల్లగా ఇటు తిరిగి ఆమెని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీ జుట్టు ఎప్పుడింత నెరిసింది?"

"మీరు తాడు లాగుతున్నప్పుడు," అంది ఆమె.

ఆయన మాస్కు తీసేశాడు. "రంగులన్నీ వస్తున్నాయి," అన్నాడు. లోపం మాస్కుది కాకపోతే మరి దేనిదో ఆ పూట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. ఆయన అన్నం సగంలో లేచాడు.

తెల్లారి ట్రిప్పులు మొదలవకముందే ఆయన చిన్న తెడ్డు పడవ తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. పాత మాస్కూ కొత్త మాస్కూ రెండూ పట్టుకెళ్ళాడు. ఆమె షెడ్డులో కూర్చుంది. సముద్రం ఆ వేళప్పుడు కదలదు, గాజు పరిచినట్టుంటుంది. పడవ తోట ఉన్న చోట చిన్న చుక్కలా ఆగి ఉంది. ఆమె తొట్టిలో మాస్కులు తీసుకుని బొటనవేలు తిప్పుతూ, ఎప్పటిలాగే తన బల్లపరుపు రాయి మీదికి వెళ్ళి కూర్చుందామనుకుంది. వెళ్ళలేకపోయింది. దారి తెలుస్తోంది గాని అడుగు పడలేదు. గెస్టుల మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మునుపు వచ్చినవాళ్ళు "ఆ ఊదాది చూశావా! ఆ చారలది చూశావా!" అని ఒకళ్ళ మాట ఒకళ్ళు లాక్కునేవారు. ఈమధ్య వచ్చేవాళ్ళు "నీళ్ళు బాగున్నాయండీ" అంటున్నారు. "గైడుగారు భలే చెప్తారండీ" అంటున్నారు. చెవిన పడ్డాయి, మనసున పడలేదు.

ఆయన వచ్చి తెడ్లు లోపల పెట్టి, పడవ కట్టేసి, షెడ్డు గడప మీద కూర్చున్నాడు.

"పాత మాస్కు పెట్టుకుంటే తోట ఉంది," అన్నాడు. "కొత్తది పెట్టుకుంటే లేదు."

ఆమె చేతిలో మాస్కు తొట్టిలో పెట్టేసింది.

"మసకలో అన్నీ ఆకారాలే కనపడేవి. ఆకారాలు అలాగే ఉన్నాయిగా. రంగులు నేనే వేసుకున్నట్టున్నాను. ఆ మధ్య వరసగా ఎండలు మండి నీళ్ళు వేడెక్కాయి చూడు, అప్పుడే పగడాలు తెల్లబడి ఉంటాయి. ఆ తరవాత పాచి పట్టి బూడిదలా అయ్యాయి. ఎన్నాళ్ళయిందో ఏమో."

"మరి గెస్టులు? మీరు చూపిస్తే అవునవునని తలలూపేవారుగా?"

"మంచివాళ్ళే," అన్నాడు. "నేను సంబరంగా చెప్తుంటే, ముసలాడి మనసు ఎందుకు కష్టపెట్టడమని అవునన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళే నాకు తోట చూపించారు."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది అంటే ఇదేననుకుంది ఆమె. చూపు వస్తే చాలు, ఉద్యోగం నిలబడుతుందనుకుంది. ఉద్యోగం మాట దేవుడెరుగు, ఆయన తోటనే లాక్కుంది. కౌంటర్ దగ్గర అంతమంది ముందు అరిచిన అరుపులన్నీ తన చెవుల్లోనే మోగాయి. కౌంటర్ సారు చెప్పింది అబద్ధం కాదు. ఆమెకి ఏడుపొచ్చింది, తొట్టిలో చేతులు పెట్టుకుని ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు.

ఆదివారం నాడు కౌంటర్ సారే షెడ్డుకి వచ్చాడు. చేతిలో కొబ్బరినీళ్ళ గ్లాసు, మొహం నిండా నవ్వు. కంపెనీ వాళ్ళు నవ్వుతూ వస్తే ఏదో ఉందన్నమాటే.

"బాబాయ్, గొడుగులూ లేవు, ఏమీ లేవు. నువ్వే ఉండు."

తాడు ముడి విప్పుతున్న ఆయన తల ఎత్తాడు.

"మిగతా గైడుల్ని కూడా పంపి చూశాను," అన్నాడు కౌంటర్ సారు. "వాళ్ళ ట్రిప్పుకి వెళ్ళినవాళ్ళందరూ పెదవి విరుస్తున్నారు. నీ ట్రిప్పులో కనీసం సగం మంది సంతోషంగా వస్తున్నారు. నువ్వు చెప్తుంటే కనపడినట్టే ఉంటుందట. ఉన్నది చూపించేవాడికంటే లేనిది చూపించేవాడే నయం కదా! నిన్న మొన్న ఏదో ముంగిలా ఉన్నావట, అది మాను. ఆ పాత మాస్కే పెట్టుకో. ఎప్పుడూ చెప్పేదే చెప్పు."

"నాకిప్పుడు కనపడుతోంది సారూ."

"కనపడితే ఏమైంది? చెప్పేది పాతదే చెప్పమంటున్నా."

"కనపడనప్పుడు చెప్పింది అబద్ధం కాదు," అన్నాడాయన. "ఇప్పుడు చెప్తే అవుతుంది."

కౌంటర్ సారు నవ్వు తగ్గింది. "బాబాయ్, ఈ ట్రిప్పు ఎత్తేస్తే నీ ఒక్కడి సంగతే కాదు. పడవవాళ్ళు, ట్యూబులవాళ్ళు, ఇదిగో అక్క మాస్కులు, అందరూ దీన్నే నమ్ముకుని ఉన్నారు. సెలవుల్లో రెండ్రోజులు సరదాగా గడుపుదామని వచ్చినవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్తే ఎవరి సొమ్మేం పోయింది?"

ఆమె భర్త వైపు చూసింది. సరే అనండి, అని కళ్ళతోనే బతిమాలింది. ఆయన మళ్ళీ నీళ్ళలోకి దిగాలి. మళ్ళీ అన్నం కలుపుకుంటూ ఊదారంగుల గురించి చెప్పాలి. అది అబద్ధమైనా ఫరవాలేదు, ఆమెకి ఆ అబద్ధమే కావాలి. తను కోరుకున్నది ఇంటి ముందుకొచ్చి నిలబడితే కాదంటారా ఎవరైనా?

ఆయన తాడుని చుట్టగా చుట్టి మేకుకి తగిలించాడు.

"గొడుగులు ఎక్కడ పాతమంటావు?" అన్నాడు.

ఆ రాత్రీ మర్నాడూ ఆమె ఆయనతో మాట్లాడలేదు. నోట్లో నాలుక లేని మనిషి, ఇన్నేళ్ళకి నాలుక మొలిస్తే అది మొలవాల్సింది ఇప్పుడా? కంచం ముందు పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు.

షెడ్డులోంచి చూస్తే గొడుగుల వరస కనపడేది. ఆయన కర్రని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ ఇసకలోకి దింపేవాడు. చుట్టూ చెంబుడు నీళ్ళు పోసి మడమతో తొక్కి గట్టిపరిచేవాడు. గొడుగు విప్పి, ఎండ ఎటుందో చూసి కొంచెం వంచేవాడు. పడుకోవడానికి వచ్చిన గెస్టులకి కుర్చీ మీద ఇసక దులిపి ఇచ్చేవాడు. ఏ పనైనా ఆయన పొందిగ్గానే చేస్తాడు. కాని ఒక్క గొడుగు పాతేటప్పుడు కూడా సముద్రం వైపు మొహం తిప్పలేదు. అంత పెద్ద సముద్రానికి అంత దగ్గర్లో ఉండి, దాన్ని చూడకుండా పనిచెయ్యడం ఎంత కష్టమో ఆమె కళ్ళారా చూసింది. కోపం అక్కడే సగం కరిగింది.

మిగతా సగం మాస్కులు రుద్దుతుంటే కరిగింది. బొటనవేలు గుండ్రంగా తిరుగుతోంది, చుట్టూ షెడ్డే ఉంది. ఎంత ప్రయత్నించినా తోట రాలేదు. అప్పుడామెకి ఒక సంగతి తట్టింది. ఆయన పోగొట్టుకున్నది ఆయన చూసిన తోట. తను పోగొట్టుకున్నది తను ఎన్నడూ చూడనిది. చూడనిదాని కోసం ఎలా ఏడవాలి? చచ్చిపోయినవాళ్ళ మొహమైనా ఒకసారి చూపిస్తారు కదా.

గాలి ఆగి, గెస్టులంతా భోజనాలకి పోయిన వేళ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నన్ను తీసుకెళ్ళండి," అంది.

"ఎక్కడికి?"

"తోటకి."

ఆయన నీళ్ళ చెంబు కింద పెట్టాడు. "అక్కడేముందని?"

"ఏమీ లేదుగా. ఆ లేనిదే చూస్తాను."

ఆయన షెడ్డులోకి వెళ్ళి మేకు మీంచి తాడు తీశాడు. పడవలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తెడ్డు పడ్డప్పుడల్లా నీళ్ళలో గుండ్రాలు లేచి వెనక్కి జారిపోతున్నాయి. తోట మీద పడవ ఆపి, లంగరు వేసి, ఆమెకి లైఫ్‌జాకెట్టు తొడిగి బకిల్స్ బిగించాడు. మాస్కు పెట్టి, నుదుటి మీద వెంట్రుకలు ఒక్కొక్కటే వేలితో వెనక్కి తోశాడు. ఎంతమంది గెస్టులకి ఇలా తోసి ఉంటాడో.

"నోటితోనే గాలి పీల్చు. ముక్కనేది ఉందన్న సంగతే మరిచిపో."

"మరి ముక్కు మీదున్న కోపం ఎక్కడ పెట్టమంటారు?"

చాలా రోజులకి ఆయన నవ్వాడు. ఆమె ట్యూబుని కరుచుకుని నీళ్ళలోకి జారింది. మొదటిసారి తల ముంచగానే ఉక్కిరిబిక్కిరై, దగ్గి, ఉప్పునీళ్ళు ఉమ్మి, "అమ్మో, నావల్ల కాదు" అని పడవ అంచు పట్టుకుంది. ఆయన తొందరపెట్టలేదు. తనూ నీళ్ళలోకి దిగి, తాడు చేతికి చుట్టుకుని పక్కనే తేలుతూ, తల నీళ్ళపైకి ఎత్తి ఎదురుచూశాడు. నల్ల మాస్కు ఆయన నుదుటి మీదే ఉంది.

రెండోసారి ఆమె కళ్ళు తెరిచే ముంచింది.

ముందు చప్పుడు పోయింది. రేవు, పడవ, మనుషులు, అన్నీ ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయాయి. తన ఊపిరే తనకి వినపడుతోంది, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. తరవాత వెలుగు కనపడింది. కింద ఇసక మీద ఎండ వలలా పరుచుకుని మెల్లగా కదులుతోంది. ఆ వల తన చేతుల మీద కూడా పాకింది. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని పగిలిన ఆ చేతులు అక్కడ తెల్లగా, నున్నగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. తాడు కదిలింది. ఆమె తేలిపోతూ ముందుకి వెళ్ళింది.

అప్పుడు తోట వచ్చింది. ఆయన చెప్పినట్టే ఉంది. క్యాబేజీలు ఉన్నాయి, కొమ్ములు ఉన్నాయి, కొమ్ములు ఆయన చెప్పినవైపుకే వంగి ఉన్నాయి. అన్నీ బూడిదరంగు. కాలిపోయిన ఇంట్లో సామాను ఎక్కడిదక్కడ ఉన్నట్టు ఉన్నాయి. కొన్ని విరిగి ముక్కలై పక్కన పడి ఉన్నాయి. ఒక్కోదాన్నీ ఆమె గుర్తుపట్టింది. కొంచెం ముందుకి పోతే బల్లపరుపు రాయి కూడా కనపడింది. తను కూర్చునే రాయి. దానిమీద పాచి మందంగా పట్టి ఉంది.

మాస్కులోకి నీళ్ళొచ్చాయి. అవి సముద్రానివి కావు. తల పైకెత్తింది. ఆయన మాస్కు అంచు కొంచెం ఎత్తి ఆ నీళ్ళు వంపేశాడు.

"చూశావుగా," అన్నాడు. "పద, పోదాం."

"ఇంకాసేపు."

"ఎందుకే?"

ఆమె మళ్ళీ తల ముంచింది. ఎందుకో ఆమెకీ తెలియదు. వచ్చినవాళ్ళం కాసేపు కూర్చోకుండా ఎలా వెళ్తామనిపించింది, అంతే. ఊపిరి నెమ్మదించింది. వెలుగు వల రాయి మీదినుంచి ఇసక మీదికి, ఇసక మీదినుంచి రాయి మీదికి జరుగుతోంది. అక్కడ, రాయి మొదట్లో, బూడిదరంగులో బూడిదరంగు కదిలింది. బొటనవేలంత చేప. ఒక కన్నంలోంచి నోటినిండా ఇసక తెచ్చి బయట ఉమ్మింది. లోపలికి పోయింది. మళ్ళీ ఇంకో నోటెడు తెచ్చి ఉమ్మింది. గుమ్మంలో ఆగి అటూ ఇటూ చూసింది, మళ్ళీ లోపలికి పోయింది. పండగ రేపనగా ఇల్లు ఊడుస్తున్న ఇల్లాలికి ఉన్నంత తొందర దానికి. ఆమెకి గొట్టంలోనే నవ్వొచ్చింది. గొట్టంలోంచి ఆ నవ్వు బుడబుడమని పైకి వినపడింది.

తాడు పట్టి లాగింది. ఆయన కంగారుగా దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? నీళ్ళు మింగావా?"

"లేదండీ. కింద ఎవరో ఇల్లు ఊడ్చుకుంటున్నారు."

"ఎవరు?"

"చిన్న చేప. బూడిదరంగుది. నోటితో ఇసక మోసి బయట పారబోస్తోంది."

"ఓ, అదా." ఆయన మొహం తిప్పుకున్నాడు. "అవి ఎప్పుడూ ఉండేవే. రంగూ రూపూ లేని చేప. దాన్ని నేనెవరికీ చూపించలేదు."

"అందుకే నేను చూపిస్తున్నాను. రండి."

ఆయన కదల్లేదు. నీళ్ళు ఇద్దరినీ కొంచెం ఎత్తి, కొంచెం దించాయి. ఆమె ట్యూబుని ఒక్క చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. ఈత రాని మనిషి ఈత వచ్చినవాణ్ణి లాగడం ఎక్కడైనా ఉందా? అయినా లాగింది. కాళ్ళు ఎడాపెడా కొట్టుకుంటూ, నీళ్ళు చిందిస్తూ, మూరెడు దూరం లాగింది. తల ముంచి, వేలు చాపి, రాయి మొదలు చూపించింది. వేలు తియ్యకుండా అలాగే ఉంచింది.

ఆ చోట ఇన్నేళ్ళలో ఆయనకి ఎవరూ వేలు చాపి ఏదీ చూపించలేదు. ఆయన మాస్కు కళ్ళమీదికి దించుకుని, ఆమె పక్కన నీళ్ళమీద బోర్లా పడుకుని, ఆ వేలు చూపించినవైపు చూశాడు.